ఉండలు లేని సంకటి

ప్రొద్దుటూరులో ఒక బంగారు అంగడి ముందు నేను తుపాకీ పట్టుకుని స్టూలు మీద కూర్చుంటాను. గాజులు చూడడానికి వచ్చిన ఆడవాళ్ళకు అంగడి యజమాని నన్ను చూపించి, "యుద్ధం చేసొచ్చినోడు, మా అంగట్లో మీకేం భయం ల్యా" అంటాడు. నిజమే. యుద్ధానికి పోయాను, తిరిగొచ్చాను. మధ్యలో అక్కడ ఏం చేశావని ఆయన ఎన్నడూ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి. పప్పు వండాను, రొట్టెలు కాల్చాను. నేను సైన్యంలో వంటవాణ్ణి. తుపాకీ పేల్చడం మాకూ నేర్పించారు గానీ, ఉద్యోగమంతా నా చేతిలో ఉండింది గరిటె.

ఆగస్టులో, జనవరిలో నాకు గిరాకీ ఎక్కువ. జమ్మలమడుగు కానీ పులివెందుల కానీ, జెండా ఎగరేసే రోజు ఏదో ఒక బడిలో నన్ను కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పుతారు. పిల్లలు ఎండలో వరసగా నిలబడి నన్ను చూస్తుంటారు. నేను ప్రాణాలకు తెగించానని ఒకాయన మైకులో చెప్తాడు. ప్రాణాలకు తెగించినవాడు ఇంత నున్నగా కుర్చీలో ఎట్లా కూర్చున్నాడని ఒక్క పిల్లవాడూ అడగడు. క్రమశిక్షణ బాగా నేర్పిస్తున్నారు.

ఇంటికి తెచ్చిన శాలువాలను నా భార్య చలికాలంలో మేకపిల్లల మీద కప్పుతుంది. పోయిన జనవరిలో నేను ఇంకొకటి తెచ్చేసరికి, "ఇంగ తేవాకు. మేకల కంటే శాలువాలు ఎక్కువైనాయి" అంది.

నేను రాసేవాణ్ణి కాదు. ఐదో తరగతి దాకా చదివాను, ఐదో తరగతి మాత్రం రెండుసార్లు చదివాను. ఆ రోజుల్లో వంటవాడికి అంతకంటే ఎక్కువ చదువు అడగలేదు. ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, ఈ మధ్య ఒక సభలో మైకు పట్టుకుని నిజం చెప్పాను. ఒక్కరు తప్ప ఎవరూ నమ్మలేదు. కాగితం మీద ఉంటే నమ్ముతారేమోనని ఆశ. తప్పులుంటే మీరే సరిచేసి చదువుకోండి.

మాది పులివెందుల పక్కన పల్లె, గొర్రెలు కాచుకునే ఇల్లు. సొంత గొర్రెలు కొన్ని, పెద్ద రైతుల గొర్రెలు ఎక్కువ. మాలో ఒక పద్ధతి ఉంది. మేతకు తోలుకుపోయిన గొర్రె తిరిగి రాకపోతే కాపరి దాని చెవి కోసి తెచ్చి రైతుకు చూపించాలి. ఆ చెవికి రైతు గుర్తు ఉంటుంది. చెవి తెస్తే గొర్రెను తోడేలు తిన్నట్టు. తేకపోతే కాపరి అమ్ముకున్నట్టు.

నాకు పదేళ్ళప్పుడు ఒక మధ్యాహ్నం తుమ్మచెట్టు కింద నిద్రపోయాను. లేచి చూస్తే ఒక గొర్రె లేదు. వెతికితే వాగులో దొరికింది, అంటే తోడేలు తినగా మిగిలింది దొరికింది. మా నాయన చెవి కోసి నా చేతికిచ్చి, "పోయి సూపిచ్చిరా" అన్నాడు. ఏడ్చుకుంటూ రైతు ఇంటికి పోయాను. ఆయన చెవిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "సరేలే అబ్బీ, నువ్వు మాత్రం ఏం జేస్తావు" అని, నాకు అన్నం పెట్టించాడు. పప్పులో నెయ్యి కూడా వేశారు. ఆ సమయానికి నువ్వు మేలుకుని ఉన్నావా, నిద్రపోయినావా అని మాత్రం అడగలేదు. చెవి తెచ్చినవాణ్ణి ఎవరూ అడగరు. బడిలో నేర్పిందంతా మర్చిపోయాను గానీ, ఇది మర్చిపోలేదు.

సైన్యంలో నాతోపాటు వంటింట్లో ఉండినవాడిది కొండాపురం వైపు పల్లె. వాళ్ళదీ గొర్రెల ఇల్లే. మా యూనిట్లో కోస్తా తెలుగువాళ్ళు ఇద్దరు ఉండేవాళ్ళు. మేమిద్దరం మామూలుగా మాట్లాడుకుంటుంటే కొట్లాడుతున్నామనుకుని విడదీయడానికి పరిగెత్తుకొచ్చేవాళ్ళు. నేను వాడికంటే ఒక్క ఏడాది పెద్ద, ఆ మాత్రానికే నన్ను మామా అనేవాడు. వాడికి చిన్నప్పుడే తల్లి పోతే అక్క పెంచింది. ఆ అక్క మాట ఎత్తని రోజు లేదు, ఎక్కువగా ఆమె కొట్టిన దెబ్బల గురించే.

వాడు ఆఖరిసారి సెలవు నుంచి వచ్చేటప్పుడు అక్క తిరగలిలో విసిరిచ్చిన రాగిపిండి ఒక మూట తెచ్చాడు. దాన్ని విప్పేలోపలే మమ్మల్ని కొండల మీదికి యుద్ధానికి పంపించారు. మూట కూడా మాతో వచ్చింది.

యుద్ధం గురించి నాకు తెలిసింది తక్కువ. తెలిసిన కాడికి చెప్తాను. అంత ఎత్తులో నీళ్ళు తొందరగా మరుగుతాయి, బియ్యం మాత్రం ఉడకవు. మూత బిగించే కుక్కరు లేకపోతే పలుకులే తినాలి. మా పొయ్యి కొండ కింద ఒక బండ చాటున ఉండేది. పైన కాపలా ఉన్నవాళ్ళకు తిండి డబ్బాలు వీపుకు కట్టుకుని మేమే మోసుకుపోవాలి. ఒక రోజు నేను, ఒక రోజు వాడు. దారిలో అప్పుడప్పుడు గుండ్లు పడేవి. ఎప్పుడు పడతాయో ఎవరికీ తెలియదు కాబట్టి వంతులు వేసుకోవడం న్యాయంగానే ఉండేది.

ఆ రోజు వంతు నాది.

పొద్దున్నే వాడు పిండి మూట ముందర పెట్టుకుని కూర్చున్నాడు. "మామా, ఈ పొద్దు సంకటి తిందాం. నువ్వు పైకి పోయొచ్చేలోపల నేను గెలికి పెడతా" అన్నాడు.

వాడు సంకటి గెలికితే ఉండలు కడుతుంది. ముద్ద విరిస్తే లోపల పచ్చిపిండి పొడిపొడిగా రాలుతుంది. యూనిట్లో రెండు మూడుసార్లు తిని చూశాను. ఊరి నుంచి అంత దూరం వచ్చిన పిండిని వాడి చేతికి ఇవ్వడానికి నాకు మనసు ఒప్పలేదు.

"నువ్వు గెలికితే పిండంతా నాశనమైతాది. నేను గెలుకుతా. నువ్వు పో పైకి" అన్నాను.

"నీ వంతు గదా మామా."

"రేపూ ఎల్లుండీ నేను పోతాలే. పోరా, నువ్వు వచ్చేలోపల ముద్దలు చేసి పెడతా."

వాడు డబ్బాలు కట్టుకున్నాడు. నాలుగు అడుగులు వేసి వెనక్కి తిరిగి, "నాకు రెండు ముద్దలు పెట్టల్ల" అన్నాడు.

ఆ రోజు సంకటి ఎంత బాగా కుదిరిందో చెప్పలేను. ఒక్క ఉండ లేదు, వెన్న మాదిరి ఉంది. అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ నాకు అట్లా కుదరలేదు. వాడు పైకి పోయి తిండి చేర్చాడు. పైనున్నవాళ్ళు కడుపునిండా తిన్నారు. వాడు ఖాళీ డబ్బాలతో కిందికి దిగుతుంటే దారిలో గుండు పడింది.

మర్నాడు పొద్దున నాకు ఆకలేసింది. యుద్ధమైనా, మనిషి పోయినా పొట్టకు తెలియదు. వాడి రెండు ముద్దలు గిన్నెలో అట్లాగే ఉన్నాయి, చల్లగా, గట్టిగా. తిన్నాను. రెండూ తిన్నాను.

వాడి శవపెట్టె వెంట వాళ్ళ ఊరికి నన్నే పంపించారు, అక్కడి మాట తెలిసినవాణ్ణి కదా. పెట్టె తెరవనివ్వొద్దని నాకు గట్టిగా చెప్పి పంపారు. ఊరూరంతా వచ్చింది. పూలు, జెండాలు, మైకు అన్నీ ఉన్నాయి. వాడి అక్క పెట్టె పక్కన నేల మీద కూర్చుంది. ఆమెను చూడడం నాకు అదే మొదలు. తల ఎత్తి నన్ను ఒకే ఒక మాట అడిగింది.

"పిండి తిన్న్యాడా వాడు?"

"తిన్న్యాడక్కా. కడుపునిండా తిన్న్యాడు" అన్నాను.

నేను కష్టపడి చెప్పిన అబద్ధం అదొక్కటే. మిగిలినవన్నీ దానికి పుట్టిన పిల్లలు, వాటంతట అవే పెరిగాయి. ఎట్లా పోయాడప్పా అని ఊరివాళ్ళు అడిగారు. కూర డబ్బాలు మోస్తూ పోయాడంటే వాళ్ళ ముఖాలు ఎట్లా అయిపోతాయో అనిపించింది. నలభై మందికి తిండి మోయడం వీరత్వం కిందికి రాదని మా అందరికీ ఎవరు నేర్పించారో తెలియదు. ముందుకు దూకి ఇద్దరు శత్రువులను చంపి పోయాడని చెప్పాను. మరుసటి ఏడాది వాడి వర్ధంతి సభలో ఆ ఇద్దరు నలుగురయ్యారు. నేను కాదు, నాకంటే ముందు మాట్లాడినాయన పెంచాడు. నిండు సభలో కాదంటే ఏం బాగుంటుంది. పోయిన ఏడాదికి పదకొండు మంది. నేను ఇంకో పదేళ్ళు బతికితే ఆ యుద్ధం మొత్తం వాడొక్కడే గెలిచేస్తాడు.

ఊర్లో వాడి విగ్రహం పెట్టారు. ఇంట్లో వాడి ఫోటో ఒకటే ఉంది, గుర్తింపు కార్డు కోసం తీసింది, మెడ దాకే. విగ్రహం చేసే ఆయన, "తల సరే, కింద ఎట్లుంటాడు మనిషి" అని అడిగాడు. నన్ను పిలిపించి, యూనిఫాం తొడిగి, చేతికి కట్టె తుపాకీ ఇచ్చి రెండు రోజులు నిలబెట్టారు. కాబట్టి ఆ విగ్రహం మెడ పైన వాడు, మెడ కింద నేను. చేసినాయన ఉన్నది ఉన్నట్టు చేసేవాడు. అందుకే ఆ వీరుడికి కొంచెం పొట్ట ఉంది.

జలాశయం నింపినప్పుడు వాళ్ళ ఊరు మునిగింది. మనుషులు ప్రభుత్వం ఇచ్చిన కాలనీకి వచ్చారు. విగ్రహానికి రేషన్ కార్డు లేదు కాబట్టి దాని పేరు ఏ జాబితాలోనూ రాలేదు. ఎవరో ట్రాక్టరులో గడ్డి మీద పడుకోబెట్టి తెచ్చి అక్క ఇంటి వెనక దించారు. కొన్నేళ్ళపాటు గొర్రెల దొడ్డి గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. గొర్రెలు దురద పుట్టినప్పుడు వాడికి, అంటే నాకు, ఒళ్ళు రుద్దుకునేవి. నాకు జరిగిన సన్మానాల్లో నాకు తగినది అదొక్కటే అనుకుంటాను.

ఈ మధ్య ఆ విగ్రహాన్ని కాలనీ మొదట్లో దిమ్మె కట్టి నిలబెట్టాలని పెద్దలు అనుకున్నారు. వాళ్ళలో ఒకాయన నాకు ఫోన్ చేశాడు.

"అప్పా, లీడరు వస్తాండాడు. నువ్వు ఆ పదకొండు మంది కథ కొంచెం సాగదీసి జెప్పల్ల. పోయినసారి మరీ తొందరగా సంపేసినావు."

సరేనన్నాను. ఆ సాయంత్రమే అక్క దగ్గర నుంచి కబురు వచ్చింది, ఒక రోజు ముందే రమ్మని. ఇరవై ఏళ్ళకు పైగా ఆమె నన్ను పిలవడం అదే మొదలు. నేను ఏడాదికోసారి సభకు పోయినప్పుడు చూసి, బాగుండావా అని అడిగేది, అంతే.

పొద్దున్నే బస్సెక్కి జమ్మలమడుగులో దిగి, ఆటో పట్టుకుని కాలనీకి పోయాను. దొడ్డి దగ్గర ఒకతను విగ్రహానికి రంగు వేస్తున్నాడు. పొట్ట దాకా వచ్చాడు. అక్క గొర్రెలను ఇంకా బయటికి వదలలేదు. నన్ను చూసి రాతి మీద కూర్చోమంది. మంచినీళ్ళు ఇచ్చింది. రంగు వేసే అతణ్ణి టీ తాగిరమ్మని పంపించింది.

"రేపు పదకొండు మందేనా, పన్నెండు జేస్తావా?" అంది.

"నేను కాదక్కా, వాళ్ళే అట్ల..."

"కోడిని కోస్తాండామంటే ఇల్లు ఇడిసిపెట్టి పోయేటోడు వాడు. పదకొండు మందిని సంపినాడంట. నువ్వు జెప్పడం, వీళ్ళు సప్పట్లు కొట్టడం."

నేను నీళ్ళ చెంబు వైపు చూస్తూ కూర్చున్నాను.

"గొర్రె పోతే మేము చెవి తెచ్చి సూపిస్తాం. నీకు తెల్దా, నువ్వూ గొర్లోనివే గదా. నువ్వు నాకేం సూపిచ్చినావు? పెట్టె తెరవనియ్యకపోతివి. సరే, ఆర్డరు అంటివి. నోటితో అన్నా నిజం జెప్తావేమో అని సూసినా. ప్రతి ఏడూ సూసినా. రేపు ఆ రాయిని సిమెంటు పోసి నిలబెడతారు. నిలబెట్టినంక ఇంగ అడిగేదానికి ఏముంటాది? ఇప్పుడు జెప్పు. పిండి తిన్న్యాడా వాడు?"

ఊరు మునిగింది, ఆమె జుట్టు తెల్లబడింది. ప్రశ్న మాత్రం పెట్టె పక్కన అడిగిందే.

"ల్యా అక్కా" అన్నాను.

తర్వాత మొత్తం చెప్పాను. వంతు, సంకటి, ఉండలు, డబ్బాలు. చెప్తూ చెప్తూ, వంతు మార్చుకున్నాము అన్నాను. ఆ మాట నాకు బాగా అలవాటు, నాలుక మీద తిరిగి తిరిగి నున్నగా అయిపోయింది. ఆమె అక్కడే ఆపింది.

"మార్చుకున్న్యామంటే? వాడే పోతా అన్న్యాడా, నువ్వు పొమ్మంటివా?"

యుద్ధం నేను మొదలుపెట్టలేదు. ఆ గుండు నేను వేయలేదు. వంతు మారడం నేరం కాదు, వాడి వంతు రోజున కూడా పడి ఉండొచ్చు. ఇవన్నీ నిజాలే. నేను సర్వీసులో ఉండగా ఒక డాక్టరు కూడా ఇదే చెప్పాడు. బతికి వచ్చినవాళ్ళకు ఇట్లా అనిపించడం మామూలే, నీ తప్పేం లేదు, నిద్రకు మాత్ర రాసిస్తాను అన్నాడు. మంచి డాక్టరు. మాత్ర బాగా పనిచేసింది. నాకు హాయిగా నిద్ర పట్టింది, తుమ్మచెట్టు కింద పట్టినట్టు. ఆ నిద్ర చూసి భయమేసి నాలుగు రోజులకే మానేశాను. నా తప్పు ఎంత, ఎంత కాదు అని నేను ఇన్నేళ్ళుగా ఎన్ని రకాలుగా ఆలోచించినా, ఆమె అడిగిన ఆ ఒక్క మాట పక్క నుంచే జాగ్రత్తగా నడిచి పోయాను. అది మాత్రం ఇప్పుడు అర్థమైంది.

"నేనే పొమ్మన్న్యా" అన్నాను. "నీ వంతు గదా మామా అని గూడా అన్న్యాడు. ఐనా పొమ్మన్న్యా."

"సంకటి ఏమాయె?"

"నేనే తిన్న్యా. వానికి పెట్టిన రెండు ముద్దలు గూడా మర్నాడు తిన్న్యా."

"బాగుండెనా?"

"బాగుండె" అన్నాను.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. తిడితే నాకు సులువుగా ఉండేది, అది ఆమెకూ తెలుసనుకుంటాను. లేచి దొడ్డి తడిక తీసింది. ఒక్కో గొర్రె వీపు మీద చెయ్యి వేసి బయటికి వదిలింది. ఆఖరి గొర్రె పోయాక, "ఇదే రేపు మైకులో జెప్పు" అంది.

"అక్కా, లీడరు వస్తాండాడు."

"వస్తే వాడూ ఇంటాడు."

"నన్ను తంతారు."

"తన్నిచ్చుకో" అని గొర్రెల వెంట పోయింది.

మర్నాడు షామియానా వేశారు. లీడరు రావలసిన టైముకు రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు. ముందు మాట్లాడినాయన శత్రువులను పన్నెండు చేశాడు. నా పేరు పిలిచారు. లేచి మైకు దగ్గరికి పోయాను. ముందు వరసలో అక్క కూర్చుని నన్నే చూస్తోంది.

"ఆ పొద్దు వంతు నాది" అన్నాను. మైకులో నా గొంతు నాకే ఎవరిదో లాగా వినిపించింది. "వాడు గెలికితే సంకటి ఉండలు కడతాదని, నేను గెలుకుతా నువ్వు పో అన్న్యా. వాడు ఎవర్నీ సంపలేదు. కూర డబ్బాలు మోసినాడు, అంతే. వాడు పోయినంక వాని ముద్దలు గూడా నేనే తిన్న్యా. ఇన్నేండ్లు నేను మీకు జెప్పిందంతా అబద్ధం."

తన్నులకు సిద్ధంగా నిలబడ్డాను. వెనక నుంచి ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. తర్వాత అందరూ కొట్టారు. పదకొండు మందిని చంపించినప్పుడు కూడా అన్ని చప్పట్లు రాలేదు. లీడరు లేచి నా భుజం మీద చెయ్యి వేసి మైకు తీసుకున్నాడు.

"సూడండప్పా, ఎంత పెద్ద మనసు. తను చేసింది ఒక్క ముక్క జెప్పుకోకుండా, తప్పంతా నెత్తిన ఏసుకుంటాండాడు. సైనికుడంటే ఇట్లుండల్ల."

నేను కాదు కాదని చెయ్యి ఊపాను. అది ఇంకా వినయం కింద జమ అయింది. శాలువా కప్పారు. అబద్ధానికి కప్పే శాలువాల కంటే ఇది మంచి బట్ట, అంచుకు జరీ కూడా ఉంది. నాకు ఫోన్ చేసిన పెద్దాయన కిందికి దిగేటప్పుడు నా చెవిలో, "సంకటీ గింకటీ అనేసరికి నేను భయపడితి. ఐనా బాగా పండిందిలే. వచ్చే ఏడు గూడా ఇదే జెప్పు" అన్నాడు.

ముందు వరసలో అక్క కుర్చీ ఖాళీగా ఉంది.

ఇంటికి పోయాను. అక్క తన పొయ్యి ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి అన్నం తట్ట ముందర పెట్టి, అందులో సంకటి ముద్ద వేసింది, పక్కన ఊరిబిండి, అంటే మా శెనక్కాయల పచ్చడి. ఆకలిగా లేదు అనబోయాను. ఆమె ముఖం చూసి కూర్చున్నాను.

ముద్ద విరిచాను. లోపల ఉండలు. వేలితో నొక్కితే పచ్చిపిండి పొడిగా రాలింది. ఆ ముద్ద ఎవరిదో కళ్ళు మూసుకుని కూడా చెప్పగలను.

"మా ఇంట్లో అందరం ఇట్లనే గెలుకుతాం. మా అమ్మా ఇట్లనే గెలికేది" అంది అక్క. "వానికి ఉండలుంటేనే ఇష్టం. ఏరుకోని ఏరుకోని తినేటోడు. వాని పిండికి నువ్వేందిరా బాగు జేసేది?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. నా భుజం మీది శాలువా లాగి తీసుకుని, మూలన గంప కింద ఉన్న గొర్రెపిల్ల మీద కప్పి వచ్చింది. నేను తింటున్నాను. పచ్చిపిండి అంగిట్లో అతుక్కుంటోంది, నీళ్ళు తాగితే గానీ దిగడం లేదు. మొదటి ముద్ద అయ్యేసరికి ఆమె ఇంకొకటి వేసింది.

"ఎట్లుండాది?" అని అడిగింది.

"బాగలేదక్కా" అన్నాను.

"ఊఁ. తిను" అంది. తిన్నాను.